ఊపిరికి రెండు మెట్లు

తిరుపతి జిల్లాకు సముద్రం ఉందంటే కొండ కింద పుట్టి పెరిగినవాళ్లే కొందరు ఇప్పటికీ ఒక్క క్షణం ఆలోచిస్తారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల హద్దులు మారినప్పుడు సూళ్లూరుపేట, వాకాడు వైపు తీరం, పులికాట్ సరస్సు, శ్రీహరికోట మన లెక్కలోకి వచ్చాయి. 2023 అక్టోబర్ 21 ఉదయం ఆ శ్రీహరికోట నుంచే గగన్‌యాన్ సన్నాహాల్లో భాగంగా టీవీ-డీ1 పరీక్ష జరిగింది. రాకెట్టు నుంచి విడివడిన క్రూ మాడ్యూల్ పారాచూట్లతో తీరానికి సుమారు 10 కిలోమీటర్ల దూరాన బంగాళాఖాతంలో దిగింది. దాన్ని నీళ్లలోంచి ఓడ మీదికి చేర్చడం నౌకాదళం వంతు, దాని డైవర్ల వంతు. రాకెట్టు గురించి పత్రికలు రాయాల్సిందంతా రాశాయి. నేను రాయబోయేది డైవరు వృత్తికి ఆధారమైన ఓ చిన్న యంత్రం గురించి. దాని పేరు రెగ్యులేటర్. రెండు ముక్కలు, వాటి మధ్య ఒక గొట్టం.

స్కూబా ఇప్పుడు నౌకాదళానికే పరిమితమైన విద్య కాదు. తిరుపతి, చిత్తూరుల నుంచి పుదుచ్చేరికో, విశాఖ రుషికొండకో, అండమాన్‌కో వెళ్లి నేర్చుకుని వచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లలో కొందరు సొంత సెట్టు కొనుక్కుంటారు. కొన్న ఏడాదికే ప్రశ్న మొదలవుతుంది: దీన్ని సర్వీసుకు ఇవ్వాలా, మనమే విప్పుకోవాలా? తిరుపతిలో రెగ్యులేటర్ విప్పే కొట్టు నాకు కనబడలేదు. చెన్నై 135 కిలోమీటర్ల చిల్లర దూరం, పుదుచ్చేరి ఇంకా అవతల. కొరియర్లో పంపితే ఎప్పుడొస్తుందో తెలియదు. స్క్రూడ్రైవరు మాత్రం ఇంట్లోనే ఉంది. విప్పాలా వద్దా అని తేల్చుకునే ముందు లోపల ఏముందో చూద్దాం.

వీపున ఉండే మామూలు అల్యూమినియం సిలిండర్‌లో 11 లీటర్ల నీళ్లు పడతాయి. అందులో 200 బార్ పీడనంతో గాలి నింపుతారు. బయటికి వదిలితే అది 2,200 లీటర్లవుతుంది. 200 బార్ ఎంతో మన జిల్లా లెక్కలో చెప్పాలంటే, వెయ్యి అడుగుల బోరు అంచుదాకా నీళ్లతో నిండి ఉందనుకున్నా దాని అడుగున నీటి బరువు వల్ల వచ్చే పీడనం 30 బార్ మాత్రమే. సిలిండర్‌లోని ఆ గాలిని నేరుగా నోటికి అందిస్తే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. పైగా మనిషి లోతుకు దిగేకొద్దీ ప్రతి పది మీటర్లకు చుట్టూ ఉన్న నీటి పీడనం ఒక బార్ పెరుగుతుంది. 30 మీటర్ల దగ్గర ఛాతీ మీద 4 బార్లుంటే, పీల్చే గాలి కూడా సరిగ్గా 4 బార్ల దగ్గరే అందాలి. తక్కువైతే పీల్చలేం. ఎక్కువైతే గాలి దానంతటదే తోసుకొస్తుంది. సిలిండర్‌లో గాలి 200 నుంచి 50కి తగ్గుతున్నా, మనిషి పైకీ కిందికీ కదులుతున్నా ఈ లెక్క తప్పకూడదు. బ్యాటరీ లేదు, సెన్సర్ లేదు. స్ప్రింగులు, రబ్బరు, ఇత్తడి, కాస్త ప్లాస్టిక్కు, అంతే.

పీడనాన్ని ఒక్కసారిగా దించకుండా రెండు మెట్లలో దించడమే అసలు ఉపాయం. సిలిండర్ మూతికి బిగించే ముక్క ఫస్ట్ స్టేజ్. అది 200 బార్‌ను చుట్టూ ఉన్న నీటి పీడనం కంటే 9, 10 బార్లు మాత్రమే ఎక్కువుండేలా దించుతుంది. నోట్లో పెట్టుకునే ముక్క సెకండ్ స్టేజ్. అది ఆ మిగిలిన పదిని సున్నా చేసి, పీల్చినప్పుడు మాత్రమే గాలి ఇస్తుంది.

ఫస్ట్ స్టేజ్‌లో రెండు రకాలున్నాయి. ముందు పిస్టన్ రకం చూద్దాం. క్రోమియం పూత పూసిన ఇత్తడి గుండు లోపల ఒక పిస్టన్ ఉంటుంది. తల వెడల్పు, కాడ సన్నం. కాడ నిలువునా బోలుగా ఉంటుంది. దాని చివరి అంచును కత్తి అంచులా పదునుగా చెక్కుతారు. ఆ అంచు వెళ్లి ఒక గట్టి ప్లాస్టిక్ బిళ్ల మీద ఆనుతుంది. ఆ బిళ్లను సీటు అంటారు. అంచు సీటు మీద కూర్చుంటే దారి మూసుకుంటుంది, లేస్తే తెరుచుకుంటుంది. సిలిండర్ గాలి కాడ చుట్టూ నిలిచి ఉంటుంది. అంచు లేచినప్పుడు ఆ గాలి కాడ లోపలి బోలు గుండా పిస్టన్ తల అవతలి వైపుకు చేరుతుంది, గొట్టాలు మొదలయ్యేది అక్కడే. అక్కడ పీడనం పెరిగేకొద్దీ తలను వెనక్కి తోసి అంచును సీటు మీదికి నొక్కుతుంది. తల ఇవతలి వైపు స్ప్రింగు ఉంటుంది, అది అంచును లేపాలని చూస్తుంది. ఈ రెండు బలాలు సమానమయ్యే చోట, 10 బార్ల దగ్గర, దారి మూసుకుంటుంది. డైవరు ఒక్క గుక్క పీలిస్తే పీడనం కాస్త పడిపోతుంది, స్ప్రింగు గెలుస్తుంది, అంచు వెంట్రుకవాసి లేస్తుంది, గాలి వస్తుంది, మళ్లీ మూసుకుంటుంది.

మరి లోతు సంగతి ఎవరు చూసుకుంటారు? స్ప్రింగు ఉన్న గదికి బయట రంధ్రాలుంటాయి. సముద్రపు నీళ్లు నేరుగా ఆ గదిలోకి వెళ్లి, స్ప్రింగుతో పాటు తామూ పిస్టన్ తలను నెడతాయి. లోతుకు వెళ్లేకొద్దీ నీళ్ల తోపు ఎంత పెరిగితే లోపలి పీడనం అంత పెరగాలి, అప్పుడే దారి మూసుకుంటుంది. దీనికోసం వేరే భాగమంటూ లేదు. నీళ్లే ఒక భాగం. ఈ గది తెరిచి ఉంచాలని మొదట తట్టినవాడికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

కాడను బోలుగా చెయ్యడంలో ఇంకో తెలివి ఉంది. సిలిండర్ గాలి కాడ పక్కల్ని ఒత్తుతుంది గానీ, తెరిచే దిశలోనో మూసే దిశలోనో దాన్ని నెట్టదు. అందుకే సిలిండర్‌లో 200 ఉన్నా 50 ఉన్నా గుక్క తేడా తెలియదు. దీన్ని బ్యాలెన్స్‌డ్ పిస్టన్ అంటారు. చవక రకాల్లో ఈ ఏర్పాటు ఉండదు. సిలిండర్ ఖాళీ అవుతున్నకొద్దీ పీల్చడం బరువవుతుంది.

రెండోది డయాఫ్రమ్ రకం. ఇందులో మందపాటి రబ్బరు పొర నీళ్లను బయటే ఆపుతుంది. నీటి తోపును మాత్రం ఒక సన్నని పుల్ల ద్వారా లోపలి వాల్వుకు అందిస్తుంది. పిస్టన్ రకంలో భాగాలు తక్కువ, గాలి ధారాళం. కానీ స్ప్రింగు గదిలోకి ఉప్పు, ఇసుక, ఒండ్రు చేరతాయి. పులికాట్ లాంటి బురద నీళ్లలో దిగేవాళ్లయితే నేను డయాఫ్రమ్ రకమే కొనుక్కోమంటాను.

సెకండ్ స్టేజ్‌లోది మరింత సున్నితమైన పని. అరచేతిలో ఇమిడే డబ్బా, దాని ముఖానికి పల్చటి సిలికాన్ పొర. పొరకు అవతల నీళ్లు, ఇవతల డైవరు నోటి గాలి. పొర వీపును ఆనుకుని ఒక లివర్. లివర్ రెండో చివర ఒక చిన్న వాల్వును పట్టుకుని ఉంటుంది; వాల్వు మొనకు మెత్తటి రబ్బరు సీటు. గుక్క పీలిస్తే డబ్బాలో పీడనం తగ్గి పొర లోపలికి కుంగుతుంది, లివర్ ఒరుగుతుంది, వాల్వు వెనక్కి జరుగుతుంది, గాలి వస్తుంది. పీల్చడం ఆపితే పొర యథాస్థానానికి వచ్చి దారి మూసుకుంటుంది. వదిలిన ఊపిరి అడుగునున్న పుట్టగొడుగు ఆకారపు రబ్బరు వాల్వును తెరుచుకుని బుడగలుగా పోతుంది.

ఇందులో పనిచేసే బలాన్ని లెక్క కట్టి చూడండి. మంచి సెకండ్ స్టేజ్ తెరుచుకోవడానికి సుమారు 3 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానమైన పీల్పు చాలు. పొర వ్యాసం 6 సెంటీమీటర్లయితే వైశాల్యం 28 చదరపు సెంటీమీటర్లు. అంటే మొత్తం మీద పడే బలం 84 గ్రాములు. సుమారు ఒకటిన్నర కోడిగుడ్డు బరువు. ఆ మాత్రం బలాన్ని లివర్ పెంచి, 10 బార్ల గాలిని పట్టి ఉంచిన స్ప్రింగును గెలవాలి. లివర్ ఎత్తు అర మిల్లీమీటరు తగ్గితే గుక్క బిగుసుకుంటుంది, పెరిగితే గాలి దానంతటదే కారుతుంది.

ఈ వాల్వు తెరుచుకునే దిశను గమనించండి. గాలి ఎటు ప్రవహిస్తుందో అటే తెరుచుకుంటుంది. ఫస్ట్ స్టేజ్‌లో సీటు పాడై పీడనం 10 దాటి ఎగబాకిందనుకుందాం. ఆ గాలి వాల్వును తెరిచి బుసబుసమని బయటికి పోతుందే తప్ప, మూసుకుని డైవరును గాలికి దూరం చెయ్యదు. ఎక్కువ గాలితో ఇబ్బంది పడి పైకి రావచ్చు. గాలి లేకుండా రాలేం. పాడైనా మనిషిని బతికించే వైపుకే పాడవ్వాలన్న ఆలోచన ఈ చిన్న వాల్వులోనే ఉంది.

ఈ రెగ్యులేటర్ పుట్టింది ఇంకో పనికి చేసిన వాల్వు నుంచి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్సులో పెట్రోలు దొరక్క కార్లను గ్యాసుతో నడిపేవారు. ఇంజనుకు కావాల్సినప్పుడు కావాల్సినంత గ్యాసు ఇచ్చే వాల్వును ఎయిర్ లిక్విడ్ కంపెనీ ఇంజనీరు ఎమిల్ గగ్నాన్ తయారు చేశాడు. నౌకాదళ అధికారి జాక్ కూస్తో ఆయన్ని కలిశాక ఆ వాల్వు ఇంజనుకు బదులు మనిషి ఊపిరికి పనిచేసింది. 1943లో వచ్చిన ఆక్వాలంగ్ అదే. అందులో రెండు మెట్లూ వీపు మీదే ఉండేవి, నోటికి రెండు లావుపాటి గొట్టాలు వచ్చేవి. సెకండ్ స్టేజ్‌ను నోటి దగ్గరికి తెచ్చి ఒకే గొట్టంతో సరిపెట్టిన సెట్టును 1952లో మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్‌డ్రెడ్ అమ్మకానికి పెట్టాడు. ఇప్పుడు మనం వాడేదంతా ఆ వరుసే.

ఇక సర్వీసు. చాలా కంపెనీలు ఏడాదికోసారి, లేదా వంద డైవులకోసారి తనిఖీ చేయించమంటాయి. రెండేళ్లకోసారి పూర్తిగా విప్పమంటాయి. నేర్పున్న మెకానిక్కు బల్ల దగ్గర కూర్చుని చూస్తే, పనిలో సగం విప్పడమూ బిగించడమూ కాదు, భూతద్దంలో చూడటమే. మొదట బయటికి తీసేది గాలి లోపలికి వచ్చే మూతిలోని సన్నని లోహపు వడపోత బిళ్ల. అది పచ్చగా ఉంటే తడి వెళ్లిందని, ఎర్రగా ఉంటే ఇనుప సిలిండర్ తుప్పు వచ్చిందని, నల్లగా ఉంటే కంప్రెసర్ సంగతి చూడాలని అర్థం. ఆ బిళ్ల చూసి యజమాని అలవాట్లు చెప్పెయ్యొచ్చు.

తర్వాత సీటు. పిస్టన్ కత్తి అంచు వేల సార్లు కూర్చుని లేచిన చోట దాని మీద సన్నటి గుండ్రటి గాడి పడి ఉంటుంది. గాడి పడటం సహజం. అది చుట్టూ ఒకే లోతులో ఉందా, ఎక్కడైనా గీత అడ్డంగా తెగిందా అన్నదే చూడాలి. అడ్డగీత ఉంటే కత్తి అంచు మీద కూడా గంటు ఉందేమో చూడాలి. గంటు ఉంటే సీటు ఒక్కటే మార్చితే ఏం లాభం? కొత్త సీటు మీదా అదే గీత పడుతుంది.

ఓ-రింగులు, అంటే గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు, తియ్యడం చూడ్డానికి పిల్లల పని. కానీ ఇనుప సూదితో తీస్తే రింగు కూర్చునే గాడి గోడకు గీత పడుతుంది. ఇత్తడి మెత్తనిది, 200 బార్ల గాలికి ఆ గీతే చాలు. అందుకే ఇత్తడి కొక్కేలో, ప్లాస్టిక్కువో వాడతారు. పిస్టన్‌ను తిరిగి దూర్చేటప్పుడు కాడ చివర ఒక చిన్న టోపీ తొడుగుతారు, కత్తి అంచు కొత్త ఓ-రింగును కొయ్యకుండా, అంచుకే దెబ్బ తగలకుండా. దాటాక టోపీ తీసేస్తారు. ఆ టోపీ లేకపోయినా పని అవుతుంది. ఒక నెల బాగానే నడుస్తుంది కూడా.

ఇత్తడి భాగాలను పలుచటి ఆమ్లంలో, అల్ట్రాసోనిక్ తొట్టిలో కొద్ది నిమిషాలుంచి ఉప్పు వదిలిస్తారు. ఎక్కువసేపు ఉంచితే క్రోమియం పూత లేస్తుంది. ఓ-రింగులకు రాసే గ్రీజు వేరు. షెడ్డులో దొరికే పెట్రోలియం గ్రీజు కొన్ని రబ్బర్లను ఉబ్బిస్తుంది, ఆక్సిజన్ ఎక్కువున్న మిశ్రమంతో అయితే నిప్పు అంటుకునే ప్రమాదమూ ఉంది.

అన్నీ బిగించాక అసలు పరీక్ష. గొట్టానికి గేజి తగిలించి సిలిండర్ తెరుస్తారు. ముల్లు 9, 10 మధ్య ఎక్కడో నిలవాలి. సెకండ్ స్టేజ్ ముఖాన ఉన్న బటన్ నొక్కి గాలి వదిలితే ముల్లు పడి, వదిలెయ్యగానే లేచి, అక్కడే ఆగిపోవాలి. ఆగినట్టే ఆగి మెల్లగా పైకి పాకుతుంటే కత్తి అంచుకూ సీటుకూ మధ్య సందు ఉందని అర్థం. కంటికి కనపడని సందును అయిదు నిమిషాల్లో ముల్లు చూపిస్తుంది.

ఇదంతా మనవాళ్ల చేతికి అందని నైపుణ్యమేం కాదు. పలమనేరు, కుప్పం, బంగారుపాళెం వైపు సబ్‌మెర్సిబుల్ మోటార్లు బాగుచేసే షెడ్డుల్లో నిలబడి చూడండి. నీళ్లు నిండిన మోటారును విప్పి, థ్రస్ట్ బేరింగు, బుష్, సీలు ఒక్కొక్కటి వేలితో తడిమి, ఏది ఇంకో ఏడాది ఓపుతుందో, ఏది ఓపదో చెప్పే మనుషులున్నారక్కడ. కాయిలు చుట్టాక మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడనిదే మోటారును బోరులోకి దించనివ్వరు. చెయ్యి తిరగడంలో వాళ్లు ఏ డైవింగ్ మెకానిక్కుకూ తీసిపోరు. వాళ్ల దగ్గర లేనివి మూడే: కంపెనీ మాన్యువల్, ఆ మోడలుకే సరిపోయే సర్వీసు కిట్టు, ఆ గేజి. మొదటి రెండింటినీ చాలా కంపెనీలు తమ డీలర్లకు తప్ప అమ్మవు. ప్రాణాధార పరికరం కాబట్టి అంటాయి. అందులో నిజం ఉంది, వ్యాపారమూ ఉంది. డబ్బు పుచ్చుకుని పైపైన కడిగి ఇచ్చేసే కొట్లూ ఉన్నాయని తెలిసినప్పుడు వ్యాపారం పాలే ఎక్కువనిపిస్తుంది.

అయినా నా లెక్క ఇది. చేసిన పని సరిగా ఉందో లేదో మీ ఇంట్లోనే తేల్చుకోగలిగితే ఆ పని మీరే చేసుకోండి. తేల్చుకోలేకపోతే డబ్బిచ్చి చేయించండి. పని సులువా కష్టమా అన్నది కొలబద్ద కాదు. నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క చిరిగితే మార్చుకోవచ్చు. సిలిండర్‌కు తగిలించకుండా, ఫస్ట్ స్టేజ్ మూతికి టోపీ బిగించి గట్టిగా పీల్చి చూసినప్పుడు గాలి చుక్క కూడా రాకపోతే, పొర, బుడగల వాల్వు, రబ్బరు ముక్క అన్నీ సరిగా కూర్చున్నట్టే. గొట్టాలు మార్చుకోవచ్చు, గాలి పెట్టి తొట్టిలో ముంచితే కారుతున్న చోటు బుడగలు చెబుతాయి. సెకండ్ స్టేజ్ ఎంత పీల్పుకు తెరుచుకుంటోందో కూడా కొలవొచ్చు: గాలి తెరిచి, నోటి భాగం పైకి, ముఖం కిందికి పెట్టి బేసిన్‌లోని నీళ్లలోకి మెల్లగా దించండి. బుస్సుమన్న క్షణాన పొర ఎంత లోతులో ఉందో స్కేలుతో చూస్తే అదే లెక్క. గేజి విడిగా కొనుక్కోవచ్చు, కొనుక్కోండి. డైవింగ్ సెట్టులో ఇంతగా పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు. ముల్లు పాకుతోందని తెలిస్తే చాలు, మిగతాది మెకానిక్కు పని. ఫస్ట్ స్టేజ్ లోపలి భాగాలు మాన్యువల్, సరైన కిట్టు లేకుండా విప్పొద్దు. సిలిండర్ సంగతి అసలు చర్చే లేదు. 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనల ప్రకారం దాని పీడన పరీక్ష పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో) గుర్తింపు ఉన్న కేంద్రంలోనే జరగాలి.

రోజువారీ జాగ్రత్తలో మన ఊళ్లకు సంబంధించిన మాట ఒకటుంది. డైవ్ తర్వాత మంచినీళ్లలో కడగమని పుస్తకాల్లో ఉంటుంది. మన బోరు నీళ్లు చాలాచోట్ల మంచినీళ్లు కావు. గీజరు కాయిలు మీద పేరుకునే తెల్లటి పొరే స్ప్రింగు గదిలోనూ పేరుకుంటుంది. ఆఖరి కడుగు తాగే నీళ్లతో పెట్టండి. కడిగేటప్పుడు ఫస్ట్ స్టేజ్ మూతికి టోపీ బిగించి ఉండాలి, సెకండ్ స్టేజ్ బటన్ నొక్కకూడదు. నొక్కితే నీళ్లు గొట్టం గుండా లోపలికి పోతాయి. ఆరబెట్టేది నీడలో. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే రబ్బరుకు ముందే వయసు మీద పడుతుంది.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు తీసేసిన సీటు, ఓ-రింగులు ఒక కవర్లో వేసి తిరిగి ఇమ్మనండి. ముల్లు ఎక్కడ నిలిచిందో, ఎంత పీల్పుకు తెరుచుకుందో కాగితం మీద రాయించుకోండి. తిరిగొచ్చిన సెట్టుతో మొదటి డైవ్ లోతుకు వద్దు; కొత్తగా విప్పి బిగించిన యంత్రం తప్పు చేసేది మొదట్లోనే. పాత సీటు చూపించలేని కొట్టుకు మాత్రం రెగ్యులేటర్ ఇవ్వకండి.